పదిహేడో పేజీ మీది చీటీ

పదహారు తరవాత పద్ధెనిమిది వచ్చింది.

కోడలు మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. ప్రెస్సులో పదకొండేళ్ళుగా పేజీలు పేర్చి కుట్టుకు పంపే మనిషి ఆమె. బొటనవేలు తడి చేసుకుందంటే నూటయాభై పేజీల పుస్తకాన్ని కబుర్ల మధ్యలోనే లెక్కపెట్టేస్తుంది. ఇరవై రెండు పేజీల కట్టలోంచి ఒకటి జారిపోవడం ఆమె చేతిలో జరిగే పని కాదు. నిన్న సాయంత్రం కట్టకు తాడు చుట్టి అల్మారా పై అరలో పెట్టింది. ఇప్పుడు ఉదయం ఏడున్నర. తాడుకున్న ముడి ఆమె వేసింది కాదు.

"పదిహేడో పేజీ ఏదీ?" అంది, ఇంట్లో అందరికీ వినబడేలా.

భర్త అద్దం ముందు యూనిఫారం గుండీలు పెట్టుకుంటున్నాడు. మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు కనుక వీధిలో అతనికి ట్యాంకరు అనే పేరే ఖాయమైపోయింది; కన్నతల్లి కూడా ఒక్కోసారి అలాగే పిలిచేస్తుంది. ఆ తల్లి కిటికీ పక్కన కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. మాటలు పొదుపుగా వస్తాయి. మామగారి గది తలుపు వేసి ఉంది.

"నేను తియ్యలేదు," అన్నాడు ట్యాంకరు అద్దంలోకి చూస్తూనే.

"తీశారని అన్నానా?"

"అనలేదు. చూశావు."

"చూడక ఏం చెయ్యమంటారు? అభ్యంతరం ఇవ్వడానికి ఇవాళ సాయంత్రం ఐదింటితో సరి. కాపీలిచ్చే గడువు నిన్నటితో అయిపోయింది. మళ్ళీ కావాలంటే వచ్చే ఏడు."

ఏటా ముప్ఫై రోజులపాటు మునిసిపాలిటీ తన లెక్కల పుస్తకాలు ఊరివాళ్ళ ముందు పెట్టాలని నిబంధన ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊరు మొత్తం మీద పట్టుమని పదిమంది లేరు. వాళ్ళలో ఏడుగురు ప్రతి సోమవారం దర్జీ కొట్లో, కుట్టుమిషన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, బ్యాంకు అప్పు కాగితాలు అక్షరం అక్షరం చదివారు. అభ్యంతరం రాసి ఆడిటరుకు పంపే హక్కు పన్ను కట్టే ఎవరికైనా ఉంది. ఏడుగురూ కలిసి రాసిన ఆ అభ్యంతరం కింద సంతకం ఈ కోడలిది.

అప్పు ఎనిమిదేళ్ళ నాటిది. నీళ్ళ గొట్టాలు మార్చడానికి తీసుకున్నారు, నలభయ్యేళ్ళలో తీర్చేలా. మొదటి రెండేళ్ళూ వడ్డీ చవకే. ఆ తరవాత రెండేళ్ళకోసారి బ్యాంకు తనకు తోచిన వడ్డీ చెప్పవచ్చు. ఒప్పుకోకపోతే తొంభై రోజుల్లో అసలంతా కట్టెయ్యాలి. పోనీ మునిసిపాలిటీయే ముందుగా తీర్చేద్దామంటే, ఇంచుమించు అసలంత జరిమానా. "ఇది గొళ్ళెం బయటివైపు మాత్రమే ఉన్న గదండీ," అన్నాడు ఆ ఏడుగురిలోని లెక్కల మాస్టారు చదవడం పూర్తి చేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

వడ్డీ మూడుసార్లు పెరిగింది. మూడోసారి పెరిగాక కౌన్సిలుకు పొదుపు గుర్తొచ్చింది. ఆ పొదుపులో ముందుగా పోయేది అత్తగారు వారానికి మూడు రోజులు వెళ్ళే మునిసిపల్ వ్యాయామ కేంద్రం. వచ్చే నెల ఒకటో తేదీనుంచి తాళం.

అత్తగారి కుడిచెయ్యి మళ్ళీ చెయ్యి అనిపించుకున్నది ఆ కేంద్రంలోనే. శాలువా జారకుండా గుచ్చుకునే పెద్ద పిన్నీసును తనంతట తనే కుడిచేత్తో పెట్టుకోవాలి, అదీ ఆమెకు పెట్టిన పరీక్ష. నాలుగు నెలలు పట్టింది. పెట్టుకోగలిగిన రోజున ఇంటిల్లిపాదికీ చూపించి, తీసి, మళ్ళీ పెట్టి చూపించింది. వంకరగానే పెడుతుంది. ఎవరైనా సరిచెయ్యబోతే ఊరుకోదు.

"ఆ పేజీ లేకుండా ఇచ్చెయ్యరాదూ?" అన్నాడు ట్యాంకరు ఇటు తిరిగి.

"అందులో ఏముందో మీకు తెలుసు."

"తెలుసు కాబట్టే అంటున్నాను."

మునిసిపల్ ఆఫీసులో ఒక అలవాటుంది. ఫైలు చదివేవాడికి అనుమానం వస్తే ఫైలులో రాయడు. చిన్న చీటీ మీద రాసి, ఆ పేజీకి గుండుసూదితో గుచ్చుతాడు. అనుమానం తీరాక ఎవరు గుచ్చినది వాళ్ళే తీసుకోవాలి. మరొకరు ముట్టుకోకూడదు. ఫైలు మూసేనాటికి అనుమానాలన్నీ ఎగిరిపోయి సంతకాలు మాత్రం మిగులుతాయి. ఈ పద్ధతి పెట్టింది ముప్ఫై మూడేళ్ళు హెడ్ గుమాస్తాగా చేసిన మామగారే. ఆఫీసులో ఆయన్ని చీటీలాయన అనేవారు, వెనకాలా, కొంచెం చనువున్నవాళ్ళు ముందరా కూడా.

రికార్డు గదిలో కాపీలు తీసిన గుమాస్తా ఆయన చేతికింద పని నేర్చుకున్న మనిషి. ఎనిమిదేళ్ళ నాటి చీటీ పదిహేడో పేజీకి ఇంకా గుచ్చే ఉంటే, దాన్ని పీకకుండా, అలాగే మిషను అద్దం మీద పరిచి కాపీ తీసి ఇచ్చింది. ఇంకే ఆఫీసులోనైనా అది ఏనాడో చెత్తబుట్టలోకి పోయేది.

చీటీ మీద మామగారి గుండ్రటి అక్షరాలు: "ఈ షరతు బ్యాంకును కాపాడుతుంది, మనల్ని కాదు. కౌన్సిలుకు వివరించనిదే సంతకం చేయరాదు." అదే పేజీ అడుగున, మూడు రోజుల తరవాతి తేదీతో, ఒప్పందాన్ని సిఫార్సు చేస్తూ సంతకం. అదీ మామగారిదే.

ఆ కాపీ ఇంట్లోకి వచ్చిన రోజునుంచీ ఆయన భోజనం గదిలోకే తెప్పించుకుంటున్నారు.

"చీటీ లేకపోతే బ్యాంకు లాయరు ఏమంటాడో తెలుసా?" అంది కోడలు. "ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ నమ్మి సంతకం పెట్టారు అంటాడు. అక్కడితో సరి. చీటీ ఉంటే, తెలిసినవాడు ఒకడున్నాడు, చెప్పాడు, ఆ మాట కౌన్సిలు దాకా పోనివ్వలేదు అని తేలుతుంది. మిగతా ఇరవై ఒక్క పేజీలూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు."

"తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ ఒకడు మా నాన్న."

"నాకు మామయ్య."

"ఆయన పరువు తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టి, సాయంత్రం వచ్చి ఆయనకి అన్నం వడ్డిస్తావా?"

ఆమె కట్టకు తాడు మళ్ళీ చుట్టింది.

"వడ్డిస్తాను. వచ్చే నెలనుంచి అత్తయ్యతో వ్యాయామం కూడా నన్నే చేయించమనండి, చేయిస్తాను. ఆ విద్య నాకు రాదు, అంతే."

"మాటకి మాట తయారుగా ఉంటుంది నీ దగ్గర."

"మీ దగ్గర లేనిది అదొక్కటే కదా."

ట్యాంకరు మొహం ఎర్రబడింది. "నేను మునిసిపాలిటీ జీతం తింటున్నాను. డిపోలో నా వెనకాల ఏమనుకుంటున్నారో నీకేం తెలుసు? అయినా నిన్ను ఆపానా? ఎందుకు ఆపలేదు? నేనెవరి దయాదాక్షిణ్యాల మీదా ఆ సీట్లో కూర్చోలేదు కనక! తొమ్మిది మందిని తీసుకున్నారు, నా స్టీరింగు చూసి తీసుకున్నారు. ఒకరి సిఫార్సు లేదు, ఒకరికి దండం పెట్టింది లేదు. నన్నెవడూ ఏమీ అనలేడు. కానీ నాన్నని..."

మూసిన తలుపు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఇద్దరూ తలుపు వైపు చూశారు. పేజీ ఎక్కడుందో ఇద్దరికీ అప్పుడే తెలిసిందని కాదు. తెలియనట్టు ఉండడం ఇంక కుదరలేదు.

"రాస్... తున్నారు," అంది అత్తగారు కిటికీ దగ్గరనుంచి. పొద్దుటినుంచీ ఆమె అన్న మొదటి మాట అదే.

ట్యాంకరు తాళాలు తీసుకుని, చెప్పులు సగం తొడుక్కుంటూనే వెళ్ళిపోయాడు.

*

కోడలు మామగారి తలుపు కొట్టబోతే, అది గడియ వేసి లేదు.

మామగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. పదిహేడో పేజీ ఎదురుగా పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టి: మందుల సీసా, కళ్ళజోడు పెట్టె, టీ గ్లాసు, గోడ గడియారంలోంచి తీసిన పాత బ్యాటరీ. పక్కన చీటీల కుప్ప. పాత కవర్లను కత్తిరించి ఆయనే చేసుకుంటారు. కొత్త కాగితం పాడు చెయ్యడం ఆయన ఒంటికి పడదు. నాలుగైదు రాసి చింపేసి ఉన్నాయి.

"నేనే తీశానమ్మా," అన్నారు. "తాడు నీలాగా ముడి వెయ్యడం రాలేదు."

ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఈ పేజీ లేకుండా ఇవ్వలేవా?"

"ఇవ్వగలను మామయ్యా. వాళ్ళు తీసుకుంటారు కూడా. స్టాంపు వేసి పక్కన పెట్టేస్తారు."

"అవును. ఆ పక్కన పెట్టేవాళ్ళకి నేర్పింది నేనే."

ఆయన నవ్వబోయి ఊరుకున్నారు. చేత్తో పేజీ ముడతలు సవరించారు. ఆమె లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఎందుకు పెట్టారు మామయ్యా సంతకం? చీటీ రాసినవారు..."

"మూడో రోజున ఆర్థికాధికారి పిలిచాడు. బ్యాంకు తరఫు సలహాదారు కూడా అక్కడే ఉన్నాడు, టీ తాగుతున్నాడు. 'మీ చీటీ చూశామండీ' అన్నారు. దాని గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బల్ల మీద ఇంకో ఫైలుంది. డ్రైవర్లని పర్మనెంటు చేసే జాబితా. ఆర్థికాధికారి ఆ ఫైలు తిప్పి నా వైపు పెట్టి, 'ఖాళీలు ఎనిమిది, మీవాడిది తొమ్మిదో పేరు' అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. సంతకం పెట్టి వచ్చేశాను. మర్నాటికి ఖాళీలు తొమ్మిదయ్యాయి."

వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. ఆమె లేచి కట్టెయ్యలేదు.

ఒక్క క్షణం ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో తను వండిన ప్రతి గింజా ఆ తొమ్మిదో ఖాళీలోంచే వచ్చిందని తోచింది. తన పెళ్ళి కూడా ఉద్యోగం ఖాయమైన మూడో నెలలోనే జరిగింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనకి తెలుసా?"

"వాడికా? ఇందాక విన్నావుగా. నా స్టీరింగు చూసి ఇచ్చారంటాడు. నిజంగా బాగానే నడుపుతాడమ్మా. అందులో అబద్ధం లేదు."

"మరి చీటీ? పని అయిపోయాక మీరు తీసెయ్యాలి కదా?"

"మరిచిపోయాననుకున్నాను." ఆయన బరువులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. "ముప్ఫై మూడేళ్ళలో నేను మరిచిపోయిన చీటీ అదొక్కటే. మరిచిపోయానో, తియ్యడానికి చెయ్యి రాలేదో, నాకే తెలియదు. ఆ తరవాత నాలుగు నెలలకి రిటైరయ్యాను. ఇంకెవరూ ముట్టుకోరని మాత్రం తెలుసు."

కోడలు లేచింది. ప్రెస్సులో ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చినా ఆమె లేచి నిలబడే తేల్చుకుంటుంది.

"ఇరవై ఒక్క పేజీలతో ఇచ్చేస్తాను మామయ్యా. దర్జీ కొట్లో వాళ్ళకి నేను చెప్పుకుంటాను, పేజీ పోయిందని. నా చేతిలో పోయిందంటే ఎవరూ నమ్మరు, నమ్మకపోతే పోనీండి."

ఆయన తలెత్తారు.

"ఇందాక వాడితో నువ్వన్నదంతా విన్నాను. గంట కాలేదు. నేను నిన్ను బతిమాలను కూడా లేదు, అప్పుడే మాట మార్చేశావు."

"మీకోసం..."

"నేనూ నాకోసం మార్చుకోలేదమ్మా. ఇంత సులువుగానే మార్చారు నన్ను కూడా."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"మూడింటి దాకా నన్ను కదిలించకు," అన్నారు మామగారు, కొత్త చీటీ ఒకటి ముందుకు లాక్కుంటూ. "మీ అత్తయ్యని ఒకసారి ఇలా పంపించు."

*

మూడున్నరకు ట్యాంకరు డ్యూటీ దిగి వచ్చేసరికి తండ్రి హాల్లో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా పెట్టిన గుండీలు, చేతిలో పొడుగాటి కవరు. రిటైరైన రోజు తరవాత ఆ చొక్కా మళ్ళీ వేసుకోవడం ఇదే.

"ఎక్కడికి నాన్నా?"

"ఆఫీసుకి."

"నువ్వెందుకు?"

"నా చీటీ నేనుండగా రిజిస్టరులో ఎక్కాలి."

ట్యాంకరు భార్య వైపు చూశాడు. ఆమె కట్ట చంకలో పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటోంది. కవరులో ఏముందో ఆమెకూ తెలియదు. అడిగితే, "కౌంటరు దగ్గర తియ్యి," అన్నారాయన.

"సరే, నేనూ వస్తాను," అన్నాడు ట్యాంకరు. "మా నాన్నని ఎవడేమంటాడో చూస్తాను."

అత్తగారు గుమ్మం దాకా వచ్చింది. శాలువా జారిపోతుంటే ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"పిన్నీసు ఏదత్తయ్యా?"

"ఉంది," అంది అత్తగారు. ఎక్కడో చెప్పలేదు. చూపు మాత్రం కొడుకు మీదే ఉంది.

ఆఫీసు రెండు వీధుల అవతల. ముగ్గురూ నడిచే వెళ్ళారు, ఎవరికి వారే. గుమ్మం లోపల అడుగుపెడితే ఎడమపక్క అర్జీలు తీసుకునే టపా విభాగం, ఎదురుగా పైకి మెట్లు. పైన సిబ్బంది విభాగం. ఎనిమిదేళ్ళ కిందట ఆర్డరు కాగితం పట్టుకుని ట్యాంకరు ఆ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాడు. కింద ఇదే కౌంటరు దగ్గర తండ్రి నిలబడి చూశాడు. ఆ కథ కోడలు కనీసం ఇరవైసార్లు విని ఉంటుంది.

టపా గుమాస్తా మామగారిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా, పని చూడు. టైమెంతైంది?"

"నాలుగూ ఇరవై సార్."

ఇరవై ఒక్క పేజీలూ లెక్కపెట్టుకుని గుమాస్తా కవరు విప్పాడు. పదిహేడో పేజీ బయటికి వచ్చింది. దాని మీద, పాత చీటీ పక్కన, కొత్త చీటీ ఒకటి గుచ్చి ఉంది. జతచేసిన ప్రతి కాగితాన్నీ పైకి చదివి రిజిస్టరులో ఎక్కించాలి, అదీ ఆ కౌంటరు పద్ధతే.

"పదిహేడో పేజీకి జత, చీటీ ఒకటి," అని గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. "'పై చీటీ రాసింది నేను. మూడు రోజుల తరవాత సంతకం పెట్టింది నేను. ఆ సంతకానికీ మర్నాటికీ మధ్య డ్రైవర్ల జాబితాలో ఎనిమిది ఖాళీలు తొమ్మిదయ్యాయి. తొమ్మిదో పేరు మా అబ్బాయి...'"

చివరి వాక్యం అతను పైకి చదవలేదు. కోడలు వంగి చూసింది. "వాడికి ఈ సంగతి తెలియదు" అని ఉంది.

పక్క బల్ల మీది గుమాస్తా తల దించుకుని, లేని పని ఏదో వెతుక్కున్నాడు.

ట్యాంకరు కదలలేదు. ఆమె అతని మొహం చూడలేక అతని చొక్కా జేబు వైపు చూసింది. దాని మీద మునిసిపాలిటీ ముద్ర కుట్టి ఉంది, కింద డ్రైవరు అని.

"సార్," అన్నాడు టపా గుమాస్తా చాలా మెల్లిగా. "ఇంకా ఎక్కించలేదు. మీ చీటీయే కదా. మీరు తీసేసుకోవచ్చు."

"రాసింది నేనే," అన్నారు మామగారు. "గుచ్చింది నేను కాదు."

గుమాస్తా తెల్లబోయాడు. అప్పుడు అందరూ చూశారు. అది ఆఫీసు గుండుసూది కాదు. పెద్ద పిన్నీసు. వంకరగా, కాగితాన్ని రెండుచోట్ల చింపుతూ, ఎంతో కష్టపడి పెట్టినట్టుగా ఉంది.

"అమ్మది," అన్నాడు ట్యాంకరు.

"అవున్రా."

"అమ్మ చదివిందా?"

"చదివి వినిపించమంది. రెండుసార్లు. ఆ తరవాత తనే పిన్నీసు తీసింది. సాయం పట్టబోతే చెయ్యి విదిలించింది."

ట్యాంకరు చెయ్యి చాపి పిన్నీసు మీద వేలు పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు. తియ్యాలంటే ఒక్క వేలు చాలు. కోడలు తియ్యమనీ అనలేకపోయింది, వద్దనీ అనలేకపోయింది.

అతను వేలితో నొక్కాడు. మూత టక్కున పడింది.

"ఎక్కించండి," అన్నాడు గుమాస్తాతో.

స్టాంపు పడింది. నాలుగూ ముప్ఫై రెండు అని గుమాస్తా టైము వేశాడు. మామగారు కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకుని, "ఒరేయ్, నాన్నా..." అన్నారు.

ట్యాంకరు ఆయన వైపు చూడలేదు. జేబులోంచి ట్యాంకరు తాళాలు తీసి అరచేతిలో పెట్టుకుని, వాటికేసి కాసేపు చూశాడు. తరవాత నడిచాడు. వీధి గుమ్మం వైపు కాదు.

"ఏమండీ!" అంది ఆమె.

అతను అప్పటికే సిబ్బంది విభాగం మెట్ల మీద ఉన్నాడు. ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నాడు.